కంది బజారుకు మలావీ నీటి లెక్క
సరస్సు నిండినా చేను ఎండే దేశం

ఏటా సెప్టెంబరు, అక్టోబరు మాసాల్లో మన కంది బజారులో పాత సరుకు నిలవలు పలచబడతాయి. కొత్త పంట యార్డులకు రావడానికి ఇంకా రెండు మూడు నెలల వ్యవధి ఉంటుంది. తాండూరు, నారాయణపేట ప్రాంతాల పప్పు మిల్లులు ముడి సరుకు కోసం రేవుల వైపు చూసే రోజులవి. సరిగా ఆ రోజుల్లోనే ఆఫ్రికా తూర్పు తీరం నుంచి కందుల ఓడలు ముంబయికి చేరుతుంటాయి. మొజాంబిక్, టాంజానియాలతో పాటు ఈ సరుకు పంపే దేశాల్లో మలావీ ఒకటి. "మలావీ రెడ్" అన్న పేరు మన వర్తకులకు కొత్త కాదు.

అయితే ఆ దేశం నుంచి వచ్చే వార్తలు వర్తకులను తరచు తికమక పెడుతుంటాయి. ఒక వార్త కరవు అంటుంది. మరొక వార్త సరస్సు పొంగి ఒడ్డు పల్లెలు మునిగాయి అంటుంది. రెండూ ఒకే సంవత్సరంలో, ఒక్కొక్కప్పుడు ఒకే నెలలో వస్తాయి. ఈ రెంటిలో ఏదో ఒకటి అబద్ధమై ఉండాలని అనుకోవడం సహజం. కాని రెండూ నిజమే. మలావీలో నీటికి రెండు లెక్కలున్నాయి. ఒకటి ఆకాశం నుంచి చేనులో పడే వాన. రెండవది సరస్సులోను, దాని నుంచి బయలుదేరే ఒక్క నదిలోను ఉండే నీరు. కంది, మొక్కజొన్న, పొగాకు పంటలు మొదటి లెక్కను బట్టి నడుస్తాయి. కరెంటు, చక్కెర రెండవ లెక్కను బట్టి నడుస్తాయి. ఈ రెండు లెక్కలూ కలిసి నడవవు. దీన్ని గుర్తించకుండా బేరం చేసేవాడు ఒక లెక్క చూసి రెండవ సరుకు కొన్నట్టే.

ఐదో వంతు నీరే

మలావీ తూర్పు, దక్షిణ ఆఫ్రికాల నడుమ సన్నగా, పొడవుగా ఉన్న దేశం. 1964 వరకు బ్రిటిష్ పాలనలో న్యాసాలాండ్ అనే పేరుతో ఉండేది. ఎల్లలుగా టాంజానియా, మొజాంబిక్, జాంబియాలున్నాయి. సముద్రతీరం ఏ వైపునా లేదు. విస్తీర్ణం సుమారు 1,18,000 చదరపు కిలోమీటర్లు. ఇందులో దాదాపు ఐదో వంతు నీరే. కరవుకు పేరుపడిన దేశంలో భూభాగానికి ఐదో వంతు నీరు ఉండడమే ఇక్కడి విచిత్రం.

ఆ నీటిలో అధిక భాగం మలావీ సరస్సుది. టాంజానియావారు దీన్ని న్యాసా సరస్సు అంటారు. తూర్పు ఒడ్డున కొంత భాగం మొజాంబిక్‌కు చెందుతుంది. ఉత్తరాన టాంజానియాతో సరిహద్దు తగాదా ఇప్పటికీ తెగలేదు. సరస్సు పొడవు 570 కిలోమీటర్లకు పైబడి ఉన్నది. విస్తీర్ణం సుమారు 29,600 చదరపు కిలోమీటర్లు. అత్యధిక లోతు 700 మీటర్ల వరకు ఉన్నది. నిలవ ఉన్న నీరు దాదాపు 8,000 ఘన కిలోమీటర్లని అంచనా. మనకు తెలిసిన కొలతలో చెప్పాలంటే ఇది సుమారు 2,80,000 టి.ఎం.సి. నాగార్జునసాగర్ జలాశయం కట్టిన నాటి సామర్థ్యం 408 టి.ఎం.సి. ఆ లెక్కన ఈ సరస్సులో ఏడు వందల సాగర్ల నీరు పడుతుంది. మట్టం ఒక్క మీటరు పెరిగినా, తగ్గినా దాదాపు 1,045 టి.ఎం.సి. తేడా, అంటే రెండున్నర సాగర్లు.

ఇంత నీరుండగా చేను ఎందుకు ఎండుతుంది? ఇందుకు రెండు కారణాలున్నాయి.

మొదటిది ఎత్తు. నీరు పల్లమెరుగునన్నారు పెద్దలు. సరస్సు నీటి మట్టం సముద్రమట్టానికి సుమారు 474 మీటర్లు. రాజధాని లిలాంగ్వే ఉన్న పీఠభూమి వెయ్యి మీటర్లకు పైన ఉన్నది. మొక్కజొన్న, పొగాకు అధికంగా పండే నేల ఆ పీఠభూమే. కంది పండే దక్షిణ మండలపు మెట్టలు సైతం సరస్సు కంటె ఎత్తులో ఉన్నవే ఎక్కువ. వందల మీటర్ల ఎత్తుకు నీటిని తోడి మొక్కజొన్నకో కందికో పారించడం గిట్టుబాటు అయ్యే పని కాదు. అందువల్ల దేశంలో సేద్యం అవుతున్న భూమిలో నీటి పారుదల ఉన్నది చాలా కొద్ది భాగం. మిగిలినదంతా వానాధారమే.

ఆవిరి లెక్క

రెండవ కారణం ఎండ. సరస్సు మీద నేరుగా పడే వాన, చుట్టుపక్కల ఏర్లు తెచ్చి పోసే నీరు కలిపి ఏటా వచ్చే రాబడి పెద్దదే. కాని అందులో ఐదింట నాలుగు వంతులు ఆవిరి రూపంలో ఆకాశానికే తిరిగి పోతున్నది. ఏడాదికి రెండు మీటర్లకు కొద్దిగా తక్కువ మందాన నీరు ఆవిరి అవుతుందని లెక్క. మిగిలిన ఐదో వంతు మాత్రమే దక్షిణపు కొస నుంచి షిరే నదిగా బయటకు పారుతుంది. సరస్సు నుంచి వెలుపలికి పోయే ఏరు ఇదొక్కటే. ఏడు వందల సాగర్ల సరస్సు నుంచి సగటున ఏడాదికి బయటపడే నీరు ఇంచుమించు ఒక్క సాగర్ నిండేటంత.

వర్తకుని భాషలో చెప్పాలంటే మూలధనం బహు పెద్దది, కాని వాడుకోదగిన లాభం బహు స్వల్పం. రాబడి కొద్దిగా తగ్గినా, ఖర్చు కొద్దిగా పెరిగినా ఆ లాభం హరించుకుపోతుంది. రెండు మూడేళ్లు వరసగా వానలు తగ్గితే షిరే నది ప్రవాహం వేగంగా క్షీణించడానికి కారణమిదే.

సరస్సుకు నీరు తెచ్చే ఏర్లలో పెద్దది టాంజానియాలోని రుహుహు. మలావీ వైపు నుంచి సాంగ్వే, ఉత్తర రుకురు, దక్షిణ రుకురు, ద్వాంగ్వా, బువా, లింథిపే మొదలైనవి పడమటి పీఠభూమి మీద పుట్టి తూర్పుగా దిగుతాయి. వానాకాలంలో ఉరకలు వేసే ఈ ఏర్లలో చాలా భాగం సెప్టెంబరు, అక్టోబరు నాటికి పాయలుగానో మడుగులుగానో మిగులుతాయి. కొండవాలుల మీద అడవి నరికి బొగ్గు కాల్చడం, ఏటి గట్ల వరకు దున్నడం వల్ల వాన నీరు నేలలో ఇంకక, మట్టిని కోసుకుని ఒక్కసారిగా దిగిపోతున్నది. లింథిపే తెచ్చే ఒండ్రు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ.

ఈ వ్యవస్థకు వెలిగా ఉన్న మరొక నీటి మడుగు చిల్వా సరస్సు. జోంబా పట్టణానికి తూర్పుగా మొజాంబిక్ సరిహద్దున ఉన్నది. దీనికి బయటకు పోయే దారి లేదు, లోతూ లేదు. దీని అంచుల్లో వరి పండుతుంది, చేపల పట్టు పెద్దది. 1968లోను, 1995లోను ఈ సరస్సు పూర్తిగా ఎండిపోయింది. తరువాత సైతం పలుమార్లు బాగా కుంచించుకుపోయింది. మన కొల్లేరును చూసినవారికి ఇటువంటి సరస్సు మీద బతికేవారి పరిస్థితి వివరించనక్కరలేదు.

నది ఆగిపోయిన ఇరవై ఏళ్లు

షిరే నది సుమారు 400 కిలోమీటర్లు దక్షిణంగా పారి మొజాంబిక్‌లో జాంబెజీలో కలుస్తుంది. ఇంత ముఖ్యమైన నది ఒకప్పుడు రెండు దశాబ్దాల పాటు సరస్సు నుంచి చుక్క నీరు అందుకోలేదు. 1915 ప్రాంతంలో సరస్సు మట్టం నది ముఖద్వారం కంటె దిగువకు జారింది. ముఖద్వారంలో ఇసుక మేట వేసి, జమ్ము, రెల్లు పెరిగి అడ్డు కట్టినట్లయింది. ఆ తరువాత మట్టం క్రమంగా పెరిగినా 1935 వరకు ఆ అడ్డు తెగలేదు. అన్నాళ్లూ దిగువ షిరేలో పారినది రువో మొదలైన ఉపనదుల నీరే.

ఇది వాణిజ్య చరిత్రలో సైతం చెప్పుకోదగిన సంగతి. అంతకుముందు ఈ దేశపు ఎగుమతి సరుకు షిరే, జాంబెజీల మీద పడవల్లో సముద్రం చేరేది. నది మట్టం తగ్గుతూ రావడంతో పడవలు నడవడం కష్టమైంది. 1908 నాటికి బ్లాంటైర్ నుంచి దిగువ షిరేలోని పోర్ట్ హెరాల్డ్ వరకు రైలు వేశారు. నేడు ఆ ఊరి పేరు ఎన్‌సాంజే. రైలును క్రమంగా దక్షిణానికి పొడిగించి, 1935లో జాంబెజీ మీద వంతెన పూర్తి చేసి బెయిరా రేవుతో కలిపారు. విచిత్రమేమంటే నది తిరిగి పారిన సంవత్సరమూ, నదితో పని లేకుండా చేసిన వంతెన పూర్తయిన సంవత్సరమూ ఒకటే.

ఆ తరువాత సరస్సు మట్టం మరొక వైపు తిరిగింది. 1980 ప్రాంతంలో అది 477 మీటర్లు దాటి గరిష్ఠానికి చేరింది. 1997 నాటికి మళ్లీ ఎంతగా దిగిందంటే షిరే ప్రవాహం ఆగిపోతుందేమోనన్న భయం కలిగింది. 1965లో లివోండే వద్ద నది మీద ఒక బరాజు కట్టి ప్రవాహాన్ని క్రమబద్ధం చేయడం మొదలు పెట్టారు. దాన్ని ఇటీవల ఆధునికీకరించారు. అయితే బరాజు ఉన్న నీటిని పొదుపుగా వదలగలదే గాని లేని నీటిని తేలేదు.

కరెంటు, చక్కెర

లివోండే దాటిన తరువాత షిరే మధ్య భాగంలో 80 కిలోమీటర్ల దూరంలోనే దాదాపు 380 మీటర్ల కిందకు దూకుతుంది. ఎన్‌కూలా, టెడ్జానీ, కపిచిరా జల విద్యుత్ కేంద్రాలు ఈ మెట్ల మీదనే ఉన్నాయి. దేశంలోని జల విద్యుత్తులో దాదాపు మొత్తం ఈ ఒక్క నది నుంచి రావలసిందే. 2022 జనవరిలో అనా తుఫాను వల్ల వచ్చిన వరదకు కపిచిరా ఆనకట్ట గట్టు తెగి, దేశపు విద్యుత్ సామర్థ్యంలో మూడో వంతుకు దగ్గరగా ఒక్క రోజులో పోయింది. దాన్ని తిరిగి నడిపించడానికి ఏడాదికి పైగా పట్టింది.

మెట్లు దిగిన తరువాత దిగువ షిరే లోయ మొదలవుతుంది. సముద్రమట్టానికి నూరు మీటర్లకు అటూ ఇటూగా ఉండే ఈ లోయ దేశంలోకెల్లా వేడి, దేశంలోకెల్లా వానలు తక్కువ. నది పక్కనే ఉన్నా రైతులు వానాధారపు ప్రత్తి, జొన్న, సజ్జలతో సరిపెట్టుకుంటారు. ఇక్కడి ఎన్‌చాలో చక్కెర తోటలు మాత్రం షిరే నీటిని తోడుకుని చెరకు పండిస్తున్నాయి. సరస్సు పడమటి ఒడ్డున ద్వాంగ్వా వద్ద మరొక చక్కెర కర్మాగారం ఉన్నది. వాన ఎలా ఉన్నా ఈ రెండు చోట్లా చెరకు నిలబడుతుంది. మలావీ చక్కెర ఎగుమతులు కరవు సంవత్సరాల్లో సైతం మొక్కజొన్నలా కూలిపోకపోవడానికి కారణం ఇదే. అయితే పంపులకు కరెంటు కావాలి, కరెంటుకు నది కావాలి.

కంది ఏ నీటితో పండుతుంది

ఇక మన సరుకు సంగతి. మలావీలో వానాకాలం ఒకటే. నవంబరులో మొదలై మార్చి, ఏప్రిల్ మాసాలతో ముగుస్తుంది. మనకు రబీ నడిచే రోజులు వారికి ఖరీఫ్ అన్నమాట. దక్షిణ మండలంలోని ములాంజే, ఫలోంబే, థ్యోలో, చిరాడ్జులు, జోంబా, మచింగా జిల్లాలు కందికి ముఖ్యమైనవి. కమతాలు చాలా చిన్నవి. ఒకటి రెండు ఎకరాల రైతు మొక్కజొన్న సాళ్లలోనే కందిని అంతర పంటగా వేస్తాడు. ఏప్రిల్, మే నాటికి మొక్కజొన్న కోసిన తరువాత కంది ఒంటరిగా చేనులో నిలుస్తుంది. లోతుగా దిగిన వేరు నేల అడుగున మిగిలిన తడిని పీల్చుకుని, చలి రోజుల్లో పూత పూసి, జూలై నుంచి సెప్టెంబరు వరకు కోతకు వస్తుంది.

జూన్, జూలై మాసాల్లో ములాంజే, థ్యోలో ఎత్తుల మీద మొజాంబిక్ వైపు నుంచి మబ్బు కమ్మి సన్నని ముసురు పడుతుంది. దాన్ని అక్కడివారు చిపెరోని అంటారు. తేయాకుకు ఇది మేలు చేస్తుంది. కందికి సైతం తడి మేలే గాని, పూత కాలంలో మబ్బు పట్టి రోజుల తరబడి విడవకపోతే కాయ తొలుచు పురుగు భయం ఎంతటిదో మన రైతులకు తెలియనిది కాదు.

కనుక మలావీ కంది దిగుబడికి సరస్సు మట్టంతో ప్రత్యక్ష సంబంధం లేదు. జనవరి, ఫిబ్రవరి మాసాల్లో వాన మధ్యలో బెట్ట ఎన్నాళ్లు పట్టింది, మార్చిలో తుఫాను వచ్చిందా లేదా అన్నవే దాన్ని నిర్ణయిస్తాయి. 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుఫాను దక్షిణ మండలం మీద విరుచుకు పడింది. కొండచరియలు విరిగి ఊళ్లు బురదలో కప్పబడ్డాయి. మరణించినవారు, ఆచూకీ లేనివారు కలిపి వెయ్యి మందికి పైబడ్డారు. ములాంజే, ఫలోంబే, చిరాడ్జులు జిల్లాలు ఆ తుఫాను దారిలో ఉన్నాయి. మనం "మలావీ రెడ్" అని పిలిచే సరుకు పండేది ఆ వాలుల మీదనే.

సరస్సుకు కందితో ఉన్న సంబంధం మిల్లు దగ్గర మొదలవుతుంది. బ్లాంటైర్ ప్రాంతంలో పప్పు మిల్లులున్నాయి. షిరేలో నీరు తగ్గి కరెంటు కోతలు పెరిగితే మిల్లు డీజిలు మీద నడవాలి. ఖర్చు పెరిగితే పప్పుగా పంపవలసిన సరుకును కందిగానే పంపివేయడం లాభమవుతుంది. చేను ఆగేది వాన లేక, మిల్లు ఆగేది నది లేక.

రెండు లెక్కలు విడిపోయిన సంవత్సరాలు

ఈ సంగతి స్పష్టంగా బయటపడిన సంవత్సరాలు రెండున్నాయి.

2015, 2016 సంవత్సరాల్లో వరసగా వానలు దెబ్బతిన్నాయి. 2016 ఏప్రిల్‌లో ప్రభుత్వం విపత్తు స్థితిని ప్రకటించింది. 60 లక్షల మందికి పైగా ఆహార సహాయం అవసరమైంది. 2017లో వానలు బాగుండి మొక్కజొన్న పంట కోలుకున్నది. చేల లెక్క చూసినవారు కష్టకాలం గడిచిందనుకున్నారు. కాని సరస్సు అంత త్వరగా కోలుకోదు. కరవు ఏళ్ల లోటు దాని మట్టంలో మిగిలే ఉన్నది. ఫలితంగా 2017 చివరి నెలల్లో షిరే విద్యుత్ ఉత్పత్తి బాగా పడిపోయి, దేశంలో కరెంటు కోతలు ఎన్నడూ లేనంతగా ముదిరాయి. ధాన్యం ఉన్నది, దాన్ని పట్టించడానికి కరెంటు లేదు.

2024లో ఇందుకు సరిగా విరుద్ధంగా జరిగింది. ఎల్ నినో ప్రభావం వల్ల దక్షిణ, మధ్య మండలాల్లో కీలక దశలో వానలు మొహం చాటేశాయి. 2024 మార్చిలో 28 జిల్లాల్లో 23 జిల్లాలను విపత్తు ప్రాంతాలుగా అధ్యక్షుడు లాజరస్ చక్వేరా ప్రకటించారు. అదే రోజుల్లో సరస్సు మట్టం ఎన్నో ఏళ్లుగా లేనంత ఎత్తుకు చేరి, ఖోటాకోటా వంటి ఒడ్డు ప్రాంతాల్లో ఇళ్లలోకి నీరు వచ్చింది. సరస్సును నింపేది ఉత్తరాన, టాంజానియా వైపున పడే వాన, అంతకు ముందు సంవత్సరాల నిలవ. మొక్కజొన్నను పండించేది ఆ ఏడు, ఆ చేనులో పడే వాన. అందుకే సరస్సు పొంగింది, చేను ఎండింది.

మొక్కజొన్నే తూకం

కంది ధరను తెలుసుకోగోరేవారు మలావీ మొక్కజొన్నను గమనించక తప్పదు. అక్కడి ప్రజలకు మొక్కజొన్న పిండితో వండే ఎన్సిమాయే అన్నం. అది లేకపోతే మరేమి తిన్నా భోజనం చేసినట్టు కాదు. 1949 కరవు, 1992 కరవు, 2002 ఆకలి చావులు ఇప్పటికీ జనం చెప్పుకుంటారు. కనుక మొక్కజొన్న తగ్గిన ఏడు ప్రభుత్వం చేతిలో ఉన్న డాలర్లన్నీ ముందుగా ధాన్యం దిగుమతికి పోతాయి. ఆ డాలర్లు వచ్చేది పొగాకు నుంచి. మన వినుకొండ ప్రాంతంలో పండే బర్లీ రకమే వారి ప్రధాన ఎగుమతి. ఆ పంటా వానాధారమే. వాన తప్పిన ఏడు డాలరు రాబడి తగ్గుతుంది, డాలరు ఖర్చు పెరుగుతుంది.

దీని పర్యవసానం వారి నాణెం మీద పడుతుంది. 2022 మేలో క్వాచా విలువను 25 శాతం తగ్గించారు. 2023 నవంబరులో డాలరుకు సుమారు 1,180 నుంచి 1,700 క్వాచాలకు దించారు. క్వాచా పడితే ఎగుమతి వర్తకునికి కందులు డాలర్లలో చవకవుతాయి. కాని లారీకి డీజిలు, ఎరువు, గోనె సంచి రైతుకు ప్రియమవుతాయి. ఇంటిలో మొక్కజొన్న నిండుకున్న రైతు కందిని మంచి ధర కోసం దాచుకోలేడు. కోసిన వెంటనే వచ్చిన ధరకు తెగనమ్మి ఆ డబ్బుతో మొక్కజొన్న కొనుక్కోవలసిందే. అందువల్ల కరవు ఏడు సరుకు మొత్తం తక్కువైనా, మొదటి వారాల్లో బజారుకు రాక జోరుగా ఉండి, పిదప హఠాత్తుగా సన్నగిల్లడం జరుగుతుంది. తొలి రాక చూసి పంట మెండుగా ఉన్నదని అంచనా వేయడం పొరపాటు.

రేవు లేని దేశం

మలావీ సరుకు ఓడ ఎక్కాలంటే మొజాంబిక్‌లోని బెయిరా, నకాలా రేవులకో, టాంజానియాలోని దారెస్సలాం రేవుకో చేరాలి. 1980లలో మొజాంబిక్ అంతర్యుద్ధం వల్ల బెయిరా, నకాలా రైలు దారులు రెండూ తెగిపోయాయి. మలావీ సరుకు చుట్టు తిరిగి దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవుకు పోవలసి వచ్చింది. ఆ రవాణా ఖర్చు దేశాన్ని ఏళ్ల తరబడి కుంగదీసింది. 2019 మార్చిలో ఇడాయి తుఫాను బెయిరా నగరాన్ని దెబ్బతీసినప్పుడు మరొకసారి ఆ సంగతి జ్ఞప్తికి వచ్చింది.

నదినే తిరిగి దారిగా చేసుకోవాలని 2010 అక్టోబరులో అప్పటి అధ్యక్షుడు బింగు వా ముతారికా ఎన్‌సాంజే వద్ద షిరే మీద ఒక రేవును ప్రారంభించారు. మొదటి పడవ మొజాంబిక్ జలాల్లోనే ఆగిపోయింది. పర్యావరణ పరిశీలన జరగనిదే దారి ఇవ్వబోమని ఆ దేశం పట్టుబట్టింది. ఆ పథకం అక్కడే నిలిచిపోయింది. నది మనదైనా దాని ముఖం పరాయి దేశంలో ఉంటే రేవు మనది కాదని తేలింది.

కాలువ వస్తే

ఈ పరిస్థితి మారే ఒక మార్గం దిగువ షిరే లోయలో కనిపిస్తున్నది. కపిచిరా ఆనకట్ట వద్ద నీరు తీసుకుని, పంపులు లేకుండా పల్లానికి పారించే కాలువల పథకాన్ని ప్రపంచ బ్యాంకు, ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకుల సాయంతో చేపట్టారు. లక్ష్యం సుమారు 43,000 హెక్టార్లు, అంటే లక్ష ఎకరాలకు పైమాటే. పీఠభూమి మీద కుదరనిది ఈ లోయలో కుదరడానికి కారణం నీరు పైన, చేను కింద ఉండడమే. మన కృష్ణా, గోదావరి డెల్టాలకు ఆనకట్టలు తెచ్చిన మార్పును ఎరిగినవారికి ఈ పథకం విలువ తెలుస్తుంది. అయితే కాలువకు వదిలిన నీరు టర్బైనుకు దొరకదు. సగటున ఏటా ఒక్క సాగర్ నీటినే విద్యుత్తు, చక్కెర, కొత్త ఆయకట్టు, దిగువ చిత్తడి నేలల్లోని చేపల వేటగాళ్లు పంచుకోవాలి. మలావీ రాబోయే దశాబ్దాల్లో ఎదుర్కొనే అసలు తగాదా ఇదే కాగలదు.

మన వైపు బాధ్యత

ఈ లెక్కలో మన పాత్ర సైతం ఉన్నది. 2016-17లో మన దేశంలో కంది పంట విరివిగా పండి ధర పడిపోయింది. 2017 ఆగస్టులో కేంద్రం దిగుమతులకు పరిమితి విధించింది. సరిగా అప్పుడే మలావీ, మొజాంబిక్ రైతులు కోతలు పూర్తి చేసి సరుకు అమ్మకానికి తెచ్చారు. రెండేళ్ల కరవు తరువాత మంచి వానలు పడి పంట చేతికి వస్తే, కొనేవాడు తలుపు మూశాడు. అక్కడి ధర కుప్పకూలింది. వారు ప్రధానంగా నమ్ముకున్న బజారు మనదే. మన రైతును కాపాడుకోవడం మన ప్రభుత్వ ధర్మమే, కాదనలేము. కాని విత్తనం వేసిన తరువాత నిబంధన మార్చడం వల్ల వచ్చే నష్టం తిరిగి మనకే చేరుతుంది. దెబ్బతిన్న రైతు మరుసటి ఏడు కంది సాళ్లు తగ్గిస్తాడు. మనకు సరుకు అవసరమైననాడు అక్కడ సరుకుండదు.

2021లో మలావీతో ఏటా 50,000 టన్నుల కందుల కొనుగోలుకు ఐదేళ్ల ఒప్పందం కుదిరింది. మొజాంబిక్‌తో ఏటా 2 లక్షల టన్నుల ఒప్పందాన్ని అదే ఏడు మరొక ఐదేళ్లకు పొడిగించారు. అదే సంవత్సరం మే నెల నుంచి దిగుమతులను స్వేచ్ఛగా అనుమతించి, గడువును పలుమార్లు పెంచారు. నవంబరులో విత్తే రైతుకు ఆగస్టులో బజారు తెరిచి ఉంటుందన్న నమ్మకం కలిగించే ఇటువంటి ఏర్పాట్లు ఇరువైపులా మేలు చేసేవే.

గమనించవలసిన తేదీలు

వర్తకులు, మిల్లుదారులు మలావీ వార్తలను ఈ వరసలో చూసుకోవడం మంచిది. నవంబరు, డిసెంబరు మాసాల్లో దక్షిణ మండలంలో తొలి వానలు సకాలంలో పడ్డాయా? జనవరి, ఫిబ్రవరి మాసాల్లో బెట్ట ఎన్ని వారాలు పట్టింది? మార్చిలో మొజాంబిక్ జలసంధి నుంచి తుఫాను వచ్చిందా? మేలో మొక్కజొన్న అంచనా ఎంత? జూన్, జూలైలలో పూత ఎలా ఉన్నది? ఈ ఐదు ప్రశ్నలతో కంది దిగుబడి తేలిపోతుంది. క్వాచా, డీజిలు, బెయిరా, నకాలా దారుల పరిస్థితితో రేవు చేరే ధర తేలుతుంది.

సరస్సు మట్టం వార్తను మాత్రం వేరుగా ఉంచుకోవాలి. అది మిల్లుల కరెంటుకు, చక్కెరకు, రాబోయే ఏడాది రెండేళ్లకు సంబంధించిన వార్త. సరస్సు పొంగిందని విని కంది అమ్ముకోవడం, సరస్సు దిగిందని విని కంది నిలవ చేయడం రెండూ నష్టం తెచ్చేవే. "మలావీలో నీరు ఎలా ఉన్నది?" అని విచారించేవారు ముందుగా ఏ నీరు అన్నది అడిగి తెలుసుకోవడం అవసరం.